రిజిస్టరులో రాయని పెళ్ళి

1972 ఎండాకాలం. తిరువూరులో మా గుడి పక్కన రెండు గదుల పెంకుటింట్లో ఉండేదాన్ని. నా ఉద్యోగం బైబిల్ ఉమన్. ఈ కాలం పిల్లలకు ఆ మాట తెలియదు కాబట్టి చెబుతాను. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పడం, జబ్బు పడ్డవాళ్ళ మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేయడం, పెళ్ళికూతుళ్ళను సిద్ధం చేయడం నా పని. చివరిది తేలికనుకునేరు! పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి "నీకిష్టమేనా? నిజం చెప్పు, వయసెంత?" అని అడగాలి. తల్లి తలుపు చాటున చేరితే తరిమేయాలి. ప్రమాణాలు నోటికి వచ్చేదాకా చెప్పించాలి. సంతకం రాకపోతే నేర్పాలి. నా నోరు పెద్దది కాబట్టే ఆ పని నాకు ఇచ్చారని పాస్టరుగారి భార్య నవ్వేవారు.

పాస్టరుగారిని మేం అయ్యగారు అంటాం. మాలో పెళ్ళి చేయాలంటే ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి, ఆయనకు ఉంది. పెళ్ళికి ముందు బాన్స్ వేయాలి. అంటే మూడు ఆదివారాలు ఆరాధనలో ఇద్దరి పేర్లూ చదివి, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అని సంఘాన్ని అడగడం. పుస్తె కట్టాక రిజిస్టరులో వధూవరులు, సాక్షులు సంతకాలు చేయాలి. ఆ నకలు ప్రభుత్వానికి వెళుతుంది. ఆ రిజిస్టరులో సాక్షిగా నా సంతకం ఎన్నిచోట్ల ఉందో నాకే తెలియదు. ఒక్క పెళ్ళి దగ్గర మాత్రం లేదు.

ఆ పెళ్ళికొడుకు ఏలియా సొంతూరు పెనుగొలను. తండ్రి లేడు. తల్లి సారమ్మ నాట్లకూ కోతలకూ పోయి చదివించింది. గుళ్ళో వాడు ఏలియా, బడిలో కోటయ్య. ఇలా రెండు పేర్లతో తిరిగేవాళ్ళు మా సంఘంలో తక్కువేం కాదు. క్రైస్తవుడని కాగితం మీద పడితే షెడ్యూల్డు కులాల కోటా పోతుంది మరి. మేం దేవుణ్ణి మార్చుకున్నామని ఊరు మమ్మల్ని దగ్గరకు తీసిందా? మంచినీళ్ళ బావి దగ్గరకు రానిచ్చిందా? అవేవీ మారలేదు. కోటా మాత్రం తీసేశారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏలియాకు ఆ కోటాలోనే విస్సన్నపేట దగ్గర ఒక పల్లెబడిలో మాస్టరు ఉద్యోగం వచ్చింది.

పెళ్ళికూతురు సుగుణ మా తిరువూరు సంఘం పిల్లే. తండ్రి వడ్రంగి పని చేసేవాడు. ప్రమాణాలు చెప్పిస్తుంటే "మరణము మనలను వేరు చేయువరకు" దగ్గర ఆగిపోయేది.

"పెళ్ళిలో ఆ మాటెందుకండీ బైబిలమ్మగారూ? అపశకునం కాదూ?"

"శకునాలు మనకు లేవు గానీ, గట్టిగా చెప్పు" అని కసిరాను. సంతకం మాత్రం ముచ్చటపడి నేర్చుకుంది. పలక మీద రాసి రాసి, చివర గుడి దీర్ఘం లాంటి గీత ఒకటి సొంతంగా పెట్టుకుంది.

వచ్చే ఆదివారం నుంచి బాన్స్ మొదలవుతాయనగా ఏలియా వచ్చి అయ్యగారి వసారాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, బాన్స్ వేయొద్దండి. రిజిస్టరులోనూ రాయొద్దండి."

"రాయకపోతే పెళ్ళెట్లా అవుతుందిరా?"

"రాస్తే ఉద్యోగం ఎట్లా ఉంటదండి?"

అయ్యగారు "పోయి రా, ప్రార్థన చేసి చెబుతా" అన్నారు. ఆ వారమంతా ఆయన సరిగ్గా అన్నం తినలేదని ఆయన భార్య చెప్పారు. రాయకుండా పెళ్ళి చేస్తే ఆయన లైసెన్సుకే ముప్పు. చేయనంటే వాళ్ళు ఏ దిక్కూ లేకుండా పోతారు. చివరికి ఒక దారి తీశారు. పెళ్ళి గుళ్ళో కాదు, పెనుగొలనులో ఇంటి ముందు పందిట్లో. సంఘం పెద్ద ఒకాయన పుస్తె అందిస్తాడు. ఆ తర్వాత అయ్యగారు వచ్చి ఆశీర్వదిస్తారు.

"నేను పెళ్ళి చెయ్యట్లేదు దీవెనమ్మా. పెళ్ళి చేసుకున్నవాళ్ళ కోసం ప్రార్థన చేస్తున్నాను, అంతే" అన్నారు నాతో. పాము చావకుండా, కర్ర విరగకుండా తేల్చారనిపించింది. నాకూ అదే సబబనిపించింది.

పెళ్ళి జరిగింది. శుభలేఖలు వేయలేదు. ఫొటోలు వద్దన్నాడు ఏలియా. పందిట్లో ఇద్దరూ ప్రమాణాలు మెల్లగా, పక్కవాళ్ళకు వినపడీ వినపడనట్టు చెప్పుకున్నారు. ప్రార్థన అయ్యాక సుగుణ నా కొంగు పట్టుకుని "సంతకం ఎక్కడ పెట్టాలండీ?" అంది.

"ఈ పెళ్ళికి సంతకం లేదమ్మా."

"మరి నాతో అన్నిసార్లు ఎందుకు దిద్దించారండీ?"

పద, అన్నం తిందువుగాని, అన్నాను.

మంచి కాపురమే. ఏలియా నెమ్మదస్తుడు. ఒక ఆడపిల్ల పుట్టింది. 1977లో అతనికి పచ్చకామెర్లు వచ్చాయి. అందరూ చేసే పనే వాళ్ళూ చేశారు, పసరు తాగించారు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి డాక్టరు ఆలస్యం చేశారన్నాడు. మతం చూడకుండా పేట అందరినీ పూడ్చే పెనుగొలను సమాధుల తోటలో పాతిపెట్టాం. సుగుణ తండ్రి తన చేత్తో చెక్క సిలువ చేసి, దాని మీద నల్లరంగుతో "ఏలియా" అని రాసి తలవైపు పాతాడు.

మాస్టరు పోతే భార్యకు కుటుంబ పెన్షన్ వస్తుంది. సుగుణ ఆఫీసుకు వెళితే గుమాస్తా "నువ్వే భార్యవని రుజువేదమ్మా? శుభలేఖ ఉందా? పెళ్ళి ఫొటో ఉందా?" అని అడిగాడట. అతని తప్పేం లేదు, రూలు అది. పిల్లను చంకనేసుకుని నేరుగా అయ్యగారి దగ్గరకు వచ్చింది. నేనక్కడే ఉన్నాను.

"అయ్యగారూ, మీరు మా పెళ్ళికొచ్చారు గదండి. ఒక్క సర్టిఫికెట్ రాసివ్వండి."

అయ్యగారు బీరువా తీసి రిజిస్టరు బల్ల మీద పెట్టారు గానీ తెరవలేదు.

"ఏం రాయనమ్మా? ఇందులో లేని పెళ్ళికి కాగితమిస్తే అది దొంగ కాగితం. పోనీ అని ఇచ్చాననుకో. గుడి కాగితం చూడగానే మీ ఆయన క్రైస్తవుడని తెలిసిపోతుంది. అసలు ఉద్యోగమే చెల్లదంటారు. ఇంక పెన్షనెక్కడిది?"

సుగుణ ఆయన ముఖంలోకీ నా ముఖంలోకీ మార్చి మార్చి చూసింది.

"అంటే నేను ఆయన పెళ్ళాన్నని చెప్పుకోవాలంటే, ఆయన ఏసయ్య బిడ్డ కాదని చెప్పాలాండీ?"

అయ్యగారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. ఆ పెద్దాయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. నాకూ ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని ఏడుపు అది.

ఆఫీసువాళ్ళు విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరును పంపుతామన్నారు. ఆయన ఇల్లు చూస్తాడు, ఇరుగుపొరుగును అడుగుతాడు, సమాధి దగ్గరకూ వెళతాడని ఊళ్ళో ఎవరో చెప్పారు. ఆయన వచ్చే రోజు పొద్దున్నే నేను పెనుగొలను బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి గోడ మీది వాక్యం పటం తీసేశారు. సారమ్మ గడపలో కూర్చుని ఉంది.

"సిలువ తియ్యాలంట దీవెనమ్మా. నా కొడుకు తల కాడి సిలువ. నా వల్ల కాదు" అని తల బాదుకుంది.

సుగుణ లేచి సమాధుల తోటకు నడిచింది. వెనకే నేను. ఆమె రెండు చేతులతో సిలువను పట్టుకుని లాగింది, రాలేదు. తండ్రి లోతుగా పాతాడు. అటూ ఇటూ ఊపింది. మట్టి వదులైన కొద్దీ ఆమె గొంతులోంచి ఏదో మూలుగు వస్తోంది. నేను సాయం పట్టలేదు, వద్దనీ అనలేదు. పట్టడానికి నాకు చేతులు రాలేదు, వద్దనడానికి నోరు రాలేదు. అంత పెద్ద నోరు! చివరికి ఊడొచ్చింది. గోనెసంచిలో చుట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చింది.

ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నన్నడిగాడు.

"ఈవిడ పెళ్ళి మీరు చూశారా అమ్మా?"

"చూశానండి. పుస్తె కట్టడం ఈ కళ్ళతో చూశాను."

"ఎక్కడ? నెమలిలో స్వామివారి గుళ్ళోనా?"

"లేదండి. ఇదిగో, ఈ ఇంటి ముందు పందిరేసి చేశారు."

ప్రతి మాటా నిజమే. అయినా నా నాలుక మీద చేదు దిగింది. ఆయన అంతకు మించి అడగలేదు. వెళుతూ సమాధి దగ్గర ఆగాడు. తలవైపు తవ్వినట్టున్న గుంత, పక్కన పచ్చి మట్టి. దాని వంక చూశాడు, సుగుణ వంక చూశాడు. ఆమె అరచేతులు పగిలి ఉన్నాయి.

"ఆ గుంత పూడ్చెయ్యండి. ఎవరన్నా కాలు పెడతారు" అని వెళ్ళిపోయాడు. అతనెవరో, ఏ దేవుణ్ణి కొలుస్తాడో నాకు తెలియదు. పదికాలాలు చల్లగా ఉండాలి. గుంత పూడ్చేశాం.

పెన్షన్ వచ్చింది. ఆ కాగితం నాకు చూపించడానికి సుగుణ తిరువూరు వచ్చింది. "కోటయ్య భార్య సుగుణ" అని రాసుంది. కింద తన సంతకం, ఆ గీతతో సహా.

"ఇన్నాళ్ళకు సంతకం పెట్టానండీ బైబిలమ్మగారూ. ఇవాళ్టికి అయ్యింది నా పెళ్ళి" అంది. నవ్వుతూ అనలేదు.

సిలువ మళ్ళీ పాతుదామంటే సారమ్మ ఒప్పుకోలేదు. "మళ్ళీ ఎవరన్నా చూడటానికొస్తేనో? పసిదాని నోటికాడ కూడు" అనేది. వచ్చే ఏడాది చూద్దాం, వచ్చే ఏడాది చూద్దాం అనుకుంటూనే వానలు పడ్డాయి, దిబ్బలు అణిగిపోయాయి, తుమ్మకంప లేచింది, పక్కన కొత్త సమాధులు వచ్చాయి. 1979లో సుగుణ మనసు ఆగక సిలువ తీసుకుని బయల్దేరింది. నన్నూ రమ్మంది. వెళ్ళాం. సారమ్మ ఒక దిబ్బ చూపించి "ఇదే నా బిడ్డ" అంది. సుగుణ "కాదత్తా, అది" అని ఇంకోటి చూపించింది. ఇద్దరూ మాటా మాటా అనుకుని, చెరో దిబ్బ మీద పడి ఏడ్చారు. సిలువ మళ్ళీ ఇంటికే వచ్చింది. సుగుణ దాన్ని బియ్యం డబ్బా వెనక గోడకు ఆనించి పెట్టింది.

ఆ తర్వాత అయ్యగారూ నేనూ పని చేసే పద్ధతి మార్చుకున్నాం. రిజిస్ట్రారు ఆఫీసులో మతం అడగకుండా పెళ్ళి చేసే చట్టం ఇంకొకటి ఉంది. అక్కడ ముందు నోటీసు ఇవ్వాలి, అది నెల రోజులు బోర్డు మీద ఉంటుంది, తర్వాత సాక్షులతో వెళ్ళి సంతకాలు చేయాలి. ఏలియాలాంటి వాళ్ళు ఎవరొచ్చినా ముందు అక్కడికి పంపి, ఆ కాగితం చూశాకే ప్రార్థన. కాపురం బరువు మోసేది ఇచ్చిన మాటే అయినా, రేపు మనిషి పోయాక మాట్లాడేది కాగితమే. అది ఆనాడే తెలిసుంటే సుగుణ చేతులు పగిలేవి కావు.

"దేవుడి ముందు మాటిస్తే చాలదాండీ, ఇంత తతంగం ఎందుకు?" అని విసుక్కునే పెళ్ళికొడుకులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళను పెనుగొలను వెళ్ళి ఏలియా సమాధి చూసి రమ్మంటాను. ఎక్కడుందో చెప్పమంటారు.

ఎక్కడని చెప్పను?