వర్కల యాత్రకి కన్వీనరు

"వినోదయాత్ర అని రాస్తే నేను సంతకం పెట్టను! శ్రామికులకి వినోదమేంటి? అధ్యయన యాత్ర అని రాయండి!"

"ఇసకలో కూర్చుని అరటిపండు బజ్జీలు తినడంలో అధ్యయనం ఏముంది కామ్రేడ్? బజ్జీనా అధ్యయనం చేసేది?"

"మాట తిన్నగా రానీ తంకచ్చా! కన్వీనరుని వెటకారం చేస్తే కమిటీని వెటకారం చేసినట్టే!"

గ్రంథాలయం మేడమీది ఈ అరుపులు కింద టీకొట్టులోకి సున్నం పెచ్చుల్లా రాలుతుంటే, సుగుణన్ పాలు లేని టీ చప్పరిస్తూ కూర్చున్నాడు. వీళ్ళు వెళ్ళేది అతని బస్సులోనే. పొద్దున బయల్దేరి వర్కల బీచి చూసి రాత్రికి తిరిగొచ్చే ప్రయాణం. ఆ మాత్రానికి ఒక కమిటీ, దాని కింద భోజనాల ఉపసంఘం, క్రమశిక్షణ ఉపసంఘం, ప్రచార ఉపసంఘం. ప్రచారం ఎవరికి చేస్తారో వాళ్ళకే తెలియాలి. వెళ్ళే మగాళ్ళందరూ ఏదో ఒక ఉపసంఘంలోనే ఉన్నారు మరి.

కాలవలో ఒక హౌస్‌బోటు మెల్లగా వచ్చింది. పైన కూర్చున్న ఉత్తరాది జంట ఫోన్లెత్తి గ్రంథాలయం కిటికీని ఫొటోలు తీసుకుంది. అంత డబ్బు పోసి సెలవులకి వచ్చి వాళ్ళు చూస్తున్నది, సెలవులకి ఎక్కడికి పోవాలో తేల్చుకోలేక గొంతులు చించుకుంటున్న జనాన్ని.

అందరికంటే పెద్ద గొంతు కన్వీనరు ప్రసేనన్‌ది. సుగుణన్‌కి బావ, అక్క వత్సల మొగుడు. ప్రభుత్వ బోట్లు నడిపే సరంగుగా చేసి రిటైరయ్యాడు. బోటు దిగాడు కానీ జనాన్ని నడపడం మానలేదు. పడవ పందేలకి ఆయనే కన్వీనరు, వరద సాయానికి ఆయనే, ఓణం పూలముగ్గులకీ ఆయనే. ఊళ్ళో ఎవరికైనా జబ్బు ముదిరిందంటే ఇంట్లోవాళ్ళ కంటే ముందు ఆయన సంతాపసభకి సిద్ధమైపోతాడు. కూరలో ఉప్పు చాలిందా అని వత్సల అడిగితే, "ఈ విషయంలో మూడు అంశాలున్నాయి" అని మొదలుపెడతాడు. మూడో అంశం వచ్చేసరికి చేపల పులుసు చల్లారిపోతుంది.

అంతటి కార్యదక్షుడి చేతిలో ఒక్క యాత్ర కూడా ఊరు దాటలేదు. ఒక ఏడు కోవళమా కన్యాకుమారా అని ఓటింగు పెడితే చెరిసగం వచ్చి వాయిదా పడింది. మరుసటేడు కోశాధికారి మీద విచారణ సంఘం వేశారు, అది వానలు పడేదాకా కూర్చుంది. పోయినేడు జనం అరటాకు భోజనం పొట్లాలతో సహా బస్సెక్కేశారు. అప్పుడు కన్వీనరు మెట్టు మీద నిలబడి, ఈ బస్సు యజమాని యూనియన్‌లో చేరలేదు కాబట్టి బహిష్కరిస్తున్నాం అని ప్రకటించాడు. ఆ యజమాని సొంత బావమరిదే. పొట్లాలు బోట్ల జెట్టీ మీద విప్పుకుని తిని ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు.

అందుకే ఈసారి తాము రొయ్యలు ఒలిచే షెడ్డులో మధ్యాహ్నం గంట కొట్టగానే, చేతులు కూడా సరిగ్గా తుడుచుకోకుండా వత్సల ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని వచ్చింది. సుగుణన్ కూడా వెనకాలే మేడెక్కాడు.

"కన్వీనరు గారూ, తేదీ చెప్పండి" అంది వత్సల, సొంత మొగుడితో.

"వత్సలా, ఇది సభ. అజెండా ప్రకారం ముందు యాత్ర పేరు..."

"పేరు ఏదో ఒకటి పెట్టుకోండి, మీ అమ్మ పేరు పెట్టినా సరే. ఈసారి బస్సు కదలాలి, అందులో మీరుండాలి. లేదంటే వచ్చే సర్వసభ్య సమావేశంలో కన్వీనరు పదవికి నేను నిలబడతా. షెడ్డులో ఉన్న చేతులన్నీ నాకే లేస్తాయి."

"నా చెయ్యి కూడా వేసుకో వదినా" అన్నాడు తంకచ్చన్.

ప్రసేనన్ ముఖం పాలిపోయింది. ఆ పదవి లేకపోతే ఆయన ఒట్టి రిటైరైన మనిషి. అలాంటివాళ్ళు జెట్టీ బెంచీల మీద ఎంతమంది లేరు? పలకరించే దిక్కుండదు, టీ పోయించేవాడుండడు. గొంతు సవరించుకుని, చంకలోని పత్రికలు ఇంకాస్త బిగించి, "వచ్చే మంగళవారం!" అన్నాడు. చప్పట్లు మోగాయి. సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

సుగుణన్ సంతోషంగా కిందికి దిగి, టీకొట్టు బల్ల మీది పత్రిక తిప్పాడు. మొదటి పేజీలోనే ఉంది. మంగళవారం రాష్ట్రమంతా హర్తాళ్, బస్సులు కదలవు.

ఒళ్ళు మండింది. గ్రంథాలయానికి వచ్చే పత్రికలన్నీ అక్షరం వదలకుండా చదివే మనిషికి ఈ ముక్క తెలియదా? సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది. తెలిస్తే ఏమైంది? తేదీ ఏకగ్రీవం, దురదృష్టం దైవికం, కన్వీనరు నిర్దోషి.

బావని జెట్టీ దగ్గర పట్టుకున్నాడు.

"మంగళవారం నా బస్సు అద్దాలు పగిలితే నువ్వు వేయిస్తావా బావా?"

"హర్తాళా? ప్రకటించేశారా? అయ్యో, ఎంత పని జరిగింది..."

"నీ చంకలో నలుగుతోంది చూడు ఆ ప్రకటన. వేషాలెయ్యకు. యూనియన్ పేరు చెప్పి పోయినేడు నా పరువు తీశావు. అసలు నీ బాధేంటి? చెప్తావా, అక్కని పిలవనా?"

ప్రసేనన్ అటూ ఇటూ చూశాడు. మూడు అంశాలు కాదు కదా, ఒక్కటి కూడా తోచలేదు.

"బస్సెక్కితే వాంతులవుతాయిరా" అన్నాడు చివరికి, నేల చూస్తూ.

సుగుణన్‌కి నవ్వాగలేదు. ఎంత గాలివానలోనైనా వేంబనాడు సరస్సులో బోటు తిప్పుకొచ్చిన సరంగు! బోటు ఎంత ఊగినా కదలని కడుపు బస్సులో తిరగబడుతుందట!

"నవ్వకు. పెళ్ళికి కూడా నేను మీ ఊరికి బోటులోనే వచ్చాను, గుర్తులేదా? అందరూ ఏదో గొప్ప అనుకున్నారు. ఇన్ని సభల్లో మాట్లాడేవాణ్ణి, ఆడవాళ్ళ ముందు, ఆ తంకచ్చన్ ముందు, కిటికీలోంచి తల బయట పెట్టి... దానికంటే పదవి పోవడమే నయం."

"అదే తిన్నగా అక్కకి చెప్పి చావచ్చుగా?"

"సరంగు పెళ్ళానికా? ఛ."

"మరి ఆవిడేమనుకుంటోందో తెలుసా నీకు?" సుగుణన్ నవ్వు ఆపాడు. "తన ఒంట్లోంచి రొయ్యల వాసన పోదు కాబట్టి, తనతో కలిసి ఎక్కడికీ రావడానికి నీకు నామోషీ అనుకుంటోంది. ఇన్నేళ్ళుగా అదే అనుకుంటోంది. బయల్దేరాలంటే రెండ్రోజుల ముందు నుంచి నిమ్మచెక్కలతో చేతులు రుద్దుకుంటుంది. పోయినేడు కూడా రుద్దుకుంది."

అటుగా వెళ్తున్న బోటు సరంగు ఎప్పట్లాగే హారన్ కొట్టి పలకరించాడు. ప్రసేనన్ ఎప్పట్లా చెయ్యి ఎత్తలేదు.

మర్నాడు అత్యవసర సమావేశం పెట్టి, తన తీర్మానం మీద తనే సవరణ తెచ్చుకున్నాడు. యాత్ర ఆదివారానికి మారింది. దానికీ అరగంట ప్రసంగం చేశాడు, అది వేరే సంగతి.

ఆదివారం పొద్దున అందరికంటే ముందు బస్సెక్కింది కన్వీనరే. బస్సు నడిపే సుగుణన్ పక్క సీటు పట్టాడు. "ముందుండి నడిపించాలి కదా" అన్నాడు గంభీరంగా. ఉల్లాసంగా పాడుతున్న ఆడవాళ్ళకి ఊరు దాటేదాకా చరిత్ర విశేషాలు వినిపించాడు. అంబలప్పుళ దాటాక చరిత్ర ఆగింది. ఆ తర్వాత వర్తమానం కూడా ఆగింది. హరిప్పాడ్ రాకముందే ప్రసేనన్ సుగుణన్ చొక్కా పట్టి లాగాడు. సుగుణన్ బస్సు పక్కకి తీసి, టైరు చూడాలని అందరికీ చెప్పి దిగాడు. టైరు చూడటానికి కన్వీనరు కూడా దిగి, అరటిచెట్ల చాటుకి పరుగెత్తాడు.

పొద్దున తిన్న బియ్యప్పిండి పుట్టు, శనగలకూర అంతా కక్కేశాక, చెట్టు పట్టుకుని వొగరుస్తూ నిలబడ్డాడు. ఇంకా కొల్లం కూడా రాలేదు.

"ఏమైందిరా సుగుణా? మీ బావేడీ?" బస్సు కిటికీలోంచి వత్సల అరిచింది. కొత్త చీర కట్టుకుంది. మల్లెపూలు మామూలు కంటే రెట్టింపు పెట్టుకుంది.

"వస్తున్నాడక్కా!"

ప్రసేనన్ సీసాలో నీళ్ళు పుక్కిలించి, మీసం తుడుచుకుని, సుగుణన్ భుజం పట్టుకున్నాడు.

"ఒరేయ్, మీ అక్కకి నువ్వు చెప్పు. నేనిన్నాళ్ళూ రానిది రొయ్యల వాసనకి కాదని చెప్పు. ఇప్పుడే చెప్పు."

"మరి దేనికని చెప్పను?"

"ఈ కక్కుడు సంగతి మాత్రం ఎత్తకు. సంస్థాగత కారణాలని చెప్పరా."