చిన్నాయన మోటారుకు తాళం

సంకేత లిపులు నా వృత్తి. రెండు యంత్రాల మధ్య నడిచే మాటను మూడోవాడు వినకుండా, మార్చకుండా కాపాడే లెక్కలు కట్టడం, ఇతరులు కట్టినవి పగులుతాయేమో చూడటం నా పని. హైదరాబాదులో పరిశోధనకు చేరిన కొత్తలో ఇంట్లోవాళ్లకు ఇది చెప్పడానికి తంటాలు పడ్డాను. ఓపికగా విన్నది మా చిన్నాయన ఒక్కడే.

ఆయనది పుల్లలచెరువు దగ్గర మెట్ట సేద్యం. బోరులో నీళ్లు తక్కువ. కాసేపు పారించి, ఆపి, ఊట చేరాక మళ్లీ మోటారు వేయాలి. మోకాళ్ల నొప్పులతో స్టార్టరు పెట్టె దాకా నడవలేక రిమోట్ పెట్టించుకున్నాడు. గట్టు మీద కూర్చుని నొక్కితే మోటారు తిరిగేది.

ఒక వేసవి సెలవుల్లో ఇంటికి, మార్కాపురం వచ్చాను. ఆదివారం ప్రార్థన అయ్యాక చిన్నాయన చేనికి వెళ్లి, ఆ రిమోట్ చూసి ఊరుకోలేకపోయాను. ఆయన సరేనన్నాక లాప్‌టాప్‌కు చిన్న యాంటెన్నా తగిలించి, బటన్ నొక్కినప్పుడు గాలిలో పోయే సంకేతాన్ని పట్టుకున్నాను. మళ్లీ నొక్కమంటే మళ్లీ అదే సంకేతం వచ్చింది. రిమోట్ జేబులో పెట్టుకోమని, పట్టుకున్నదాన్ని తిరిగి వదిలాను. మోటారు లేచింది.

చిన్నాయన జేబు తడుముకున్నాడు. "నేను నొక్కలేదే పాపా."

"నీ గొంతుతో నేను పిలిచినా చిన్నాయనా. అది నువ్వే అనుకునింది."

ఆయన బోరు వైపు చూశాడు. "నీళ్లు లేనప్పుడు ఎవరన్నా ఇట్ల తిప్పితే మోటారు కాలిపోతాది గదా."

అప్పటిదాకా నాకది సరదా. ఆ మాటతో సరదా పోయింది.

రిమోట్ చేసిన చిన్న కంపెనీకి వివరంగా రాశాను. పొలంలో అంత పని ఎవరు చేస్తారని జవాబొచ్చింది. విడవకుండా రాస్తే చివరికి ఒక ఇంజనీరును పంపారు. రిమోట్ తన గుప్పిట్లో ఉండగానే మోటారు తిరగడం ఆయన కళ్లారా చూశాడు. కోప్పడలేదు. పెట్టె విప్పి చిప్పు చూపించి, బ్యాంకుల్లో వాడే తాళం ఇందులో పట్టదు మేడమ్, చోటెక్కడుంది అన్నాడు. నిజంగానే చోటు లేదు.

నా పరిశోధన అటు తిరిగింది. నొక్కిన ప్రతిసారీ కొత్త సంకేతం పోవాలి, వాడినది మళ్లీ చెల్లకూడదు, అదంతా ఆ చిటికెడు చిప్పులో ఇమడాలి. మొదట కట్టినదాన్ని నేనే పగలగొట్టాను. తర్వాతిదాన్ని మా గైడు టీ తాగుతూ పగలగొట్టి, కాగితం నా వైపు జరిపాడు. ఏడుపొచ్చింది కానీ, ఎక్కడ తప్పానో తెలిసింది. ఆ పైన కట్టింది నిలిచింది. ఎందరో ప్రయత్నించారు, ఇంకా నిలిచే ఉంది.

కంపెనీవాళ్లు కొత్త రిమోట్‌ను ముందు చిన్నాయన చేనులోనే బిగించారు. దొంగతనం చేసి చూపమని ఆయన నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. పొద్దువాలేదాకా తంటాలు పడ్డా మోటారు కదల్లేదు. అప్పుడాయన తీరిగ్గా బటన్ నొక్కాడు. మిరప సాళ్లలోకి నీళ్లు పారాయి.

"కదల్లేదు సూడు," అని చిన్నమ్మతో అన్నాడు, నేను ఓడిపోయినందుకు సంబరంగా.

ఇప్పుడు నా దగ్గర చదువుకునేవాళ్లు ఇలాంటి చవక పరికరాల మీదే పనిచేస్తున్నారు. సభల్లో మాట్లాడేటప్పుడు, ఆ రోజు చేనులో నేను తీసిన ఫొటో చూపిస్తాను. అందులో చిన్నాయన కళ్లు మూసుకున్నాడు. ఇంకోటి తీస్తానంటే, ఇదే బాగుందిలే అన్నాడు.