గొంగడి ఇండ్ల మేస్త్రి

మా మేస్త్రి చనిపోయాడని తుంగతుర్తి వైపు నుంచి కార్డు వచ్చింది. చావు కబురు చదవగానే చింపెయ్యాలంటారు. నేను చింపలేదు. ముందు పోస్టు ముద్ర చూశాను, తర్వాత రాత ఎవరిదా అని చూశాను. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసే నా చేత పని ఎగ్గొట్టించి, నా జాగాలో ఇంకొకడిని పెట్టడానికి ఎవడైనా ఆడిన ఆటేమోనని రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఎవరినీ ఊరికే నమ్మొద్దని నాకు నేర్పిందే ఆయన.

ఆయన గొంగళ్లు నేసే మనిషి. నేను ఆయన కింద పనిచేసింది మఠంపల్లి అవతల, కృష్ణ రెండు రాతి గట్ల మధ్య ఇరుకై పారే చోట. ఆ గట్టు పైన, చెరువు పక్కన, కోదాడ ఆసామి ఒకాయన సెలవులకు వచ్చే పట్నం వాళ్ల కోసం విడిది పెట్టాడు. చెక్క గదులు కట్టించాడు. అవి చాలవని, ఏదో పుస్తకంలో చలిదేశపు గొర్రెల కాపరుల గుండ్రటి గుడారాల బొమ్మ చూసి, అలాంటివి నాలుగు కావాలన్నాడు. మేస్త్రి వెదురు బద్దలతో గుండ్రంగా తడిక అల్లి నిలబెట్టి, గొంగళ్లను ఒకదానికొకటి కుట్టి పైన కప్పాడు. మేం వాటిని గొంగడి ఇండ్లు అనేవాళ్లం.

అన్నీ ఒక్కడే నేయలేడు కాబట్టి చాలా గొంగళ్లు సంతలో కొన్నాం. కొనే ముందు ప్రతిదాని అంచు నుంచి ఒక పోగు తెంపి, కాల్చి, నా ముక్కు కింద పెట్టేవాడు.

"ఏం వాసనొస్తుందిరా?"

"ఎంటికలు కాలినట్టు."

"అయితే ఉన్నే. కాయితం కాలిన వాసనొస్తే నూలు కలిపినట్టు. అమ్మేటోడు నా సొంత తమ్ముడైనా సరే, కాల్చి సూడు."

చదువు బాగానే ఎక్కింది. ఆయన కుట్టుపని మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. దారం ఉండ నడుముకు కట్టుకుని, మాకు వీపు తిప్పి కుట్టేవాడు. ఏం దాస్తున్నాడు? ఎండలో మా చేత మోయించి దొంగ మాల్ కలుపుతున్నాడా? ఒళ్లు మండింది. ఒకరోజు ఆయన అన్నానికి పోయినప్పుడు రెండో ఇంటి కప్పు నుంచి పోగు లాగి కాల్చాను. కాగితం వాసన.

ఆయనను అడగలేదు. నేరుగా ఆసామి దగ్గరికి పోయాను.

"ఏంటయ్యా, నూలు కలిపి ఉన్ని అంటావా? వచ్చినవాళ్లు తడిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు ఆసామి, మేస్త్రిని పిలిపించి.

మేస్త్రి నావైపు తిరిగాడు. "గొంగడిలకెళ్లి తీసినవా, కుట్టులకెళ్లి తీసినవా?"

"మాట మార్చకు మేస్త్రీ. కాయితం వాసనే వచ్చింది."

"నీ ముక్కు మంచిగనే ఉన్నది," అని నవ్వాడు. ఆసామితో మాత్రం, "వానవడ్డంక సూడు సారూ," అన్నాడు.

"వాన దాకా ఎందుకు? ఇవాళే బయల్దేరు."

ఆయన సూదులు తువ్వాలలో చుట్టుకుని బస్సు రోడ్డు దాకా నడిచి పోయాడు. గొంగడి నేసేవాడి మీద ఒకసారి దొంగ అనే పేరు పడితే సంతలో అతని మాల్ ఎవడూ ముట్టుకోడు. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

మొదటి వాన ఒక మధ్యాహ్నం పడింది. రుజువు దొరుకుతుందని రెండో ఇంట్లోకి ఉరికాను. కుట్ల వెంబడి సూది బెజ్జాల్లోంచి చుక్కలు దిగుతున్నాయి. "దొరికినవ్ మేస్త్రీ!" అని పైకే అన్నాను. చూస్తుండగానే చుక్కలు పలచబడ్డాయి. కాసేపటికి ఆగిపోయాయి. చెయ్యి పెట్టి చూశాను. నూలు దారం నీళ్లు తాగి, ఉబ్బి, ప్రతి బెజ్జాన్నీ మూసేసింది. అందుకే ఆయన నూలుతో కుట్టాడు. నేను లాగింది కుట్టు దారం. బయట చెరువంతా వాన దుముకుతోంది. లోపల నేల పొడిగా ఉంది.

ఆసామికి చెప్పాను. "ఇళ్లు కురవట్లేదు కదా, ఇంకేం?" అన్నాడు. మేస్త్రిని పిలవలేదు. నేనూ పిలవలేదు. ఆయన ఊరికి పోదామని ఒకసారి సూర్యాపేట బస్టాండ్ దాకా పోయి, టీ తాగి, వెనక్కి వచ్చాను. మిల్లులో ఎవడినైనా దొంగ అంటే మాత్రం, నువ్వు ఎక్కడ చూశావని ముందు అడుగుతున్నాను. అది ఆయన పెట్టిన భిక్షే.

కార్డు వచ్చిన మూడో రోజు వాళ్ల ఊరు పోయాను. ఆయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది. మొత్తం చెప్పాను.

"గీ ముచ్చట ఆయనకు చెప్పాలె. నాకు చెప్తే ఏం లాభం బిడ్డా?"

"దొంగ అన్న మాట ఈడిదాకా వచ్చిందా అమ్మా?"

"నాకైతే తెల్వదు. గాడికెళ్లి వచ్చినంక సంతకు పోవుడు బంద్ జేసిండు. నడుము నొస్తున్నదన్నడు. మేం నమ్మినం."

నేను నమ్మలేదు. లోపలికి తొంగి చూశాను.

గుంటమగ్గం మీద సగం నేసిన నల్ల గొంగడి బిగించి ఉంది. కుడి అంచు నుంచి అడ్డపోగు తీసుకుని బయల్దేరిన నాడె పోగుల నడుమ ఆగి ఉంది. ఎడమ అంచుకు ఇంకా జానెడు దూరం.