విరుదునగరం చలిపందిరి దగ్గర మా అమ్మ

మా అమ్మ ముఖం నాకు గుర్తులేదు. నాకు మూడేళ్ళప్పుడే పోయింది. ఫోటో కూడా లేదు. విరుదునగరం స్టేషను రోడ్డులో కొత్తగా కట్టిన చలిపందిరి ముందు, నీళ్ళు పోస్తున్న ఆడమనిషి సున్నపు బొమ్మ ఉందనీ, ఆ ముఖం మా అమ్మదేననీ దాన్ని చేసిన కళుగుమలై ముసలాయన కబురు పంపాడు. వయసులో ఉండగా ఆయన మా ఊరి గుడి పనికి వచ్చి, అమ్మ పోసిన మజ్జిగ తాగినవాడు. బొమ్మకు రవిక లేదని పట్నం పెద్దలు సిగ్గుపడి గోనె కప్పించారు. రవిక తొడిగితే ఉంచుతారట, లేకుంటే పగలగొట్టిస్తారట. కళుగుమలై కొండమీది దిగంబర జైన మూర్తులకు పంచె కట్టమని మాత్రం ఇన్ని వందల ఏళ్ళలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

వెనక నాడాలు కట్టేలా ఎర్ర రవిక ఒకటి కుట్టించి, అమ్మ చెల్లెలు పిన్నమ్మను వెంటబెట్టుకుని కోవిల్‌పట్టిలో పొద్దుటి బండి ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు పది అణాలు. సాత్తూరులో లేత దోసకాయలు కిటికీ దగ్గరికే వస్తాయి, కొనుక్కోండి. రెండు గంటల్లో విరుదునగరంలో దిగాం. చలిపందిరి నడిచేంత దూరమే.

కాపలా మనిషిని తమిళంలో బతిమాలితే గోనె విప్పాడు. ముఖం చూసే ధైర్యం లేక ముందు రవికే తొడిగి, పక్కకు జరిగాను. పిన్నమ్మ చాలాసేపు చూసింది.

“ఇది ఎవురో నాయినా. మా అక్క కాదు.”

అంతలో ఆమే వెళ్ళి నాడాలు విప్పేసింది. విప్పి, అక్కడే కూలబడింది.

“అక్కే. మా ఇండ్లల్లో రైక ఏసినోళ్ళు ఎవురుండ్రి అప్పుడు? నేనూ ఏసింది లేదే.”

నిజమే, ఆమె భుజాలమీద ఉన్నది ఒట్టి చీరకొంగే. బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్నా, ఆ సంగతి నాకు తట్టనేలేదు. అప్పుడు తలెత్తి అమ్మను చూశాను. పలచటి పెదవులు, కొంచెం వంచిన మెడ. కాపలా మనిషి బీడీ కాల్చినంతసేపు చూశాను. అతను తొందరపెట్టాక, అమ్మ అక్కడ ఉండాలి కదా అని, నా చేతులతో నేనే రవిక తొడిగి ముడి వేశాను. పిన్నమ్మ అటు తిరగలేదు.

అమ్మను దక్కించుకున్నానో పోగొట్టుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. మీరు వెళితే పొద్దుటి బండికే వెళ్ళండి, ఇంట్లో పెద్దామె ఒకరిని తీసుకెళ్ళండి. మనకు తెలియని ముఖాలు వాళ్ళకు తెలుస్తాయి.