జానెడు ముందుకొచ్చిన స్తంభం

మా ముత్తాతగారు కొల్లేటి అంచున నాలుగు ఊళ్లకు కరణం. ఆయన చేతికర్ర చూపిన వైపే పొలాలకు గట్టు పడేది. మా తాతగారి రోజుల్లో ఏలూరు నుంచి వచ్చిన తహసీల్దార్లు మా గేటు దగ్గర బండి దిగి, నడిచి లోపలికి వచ్చేవారు. నా వంతుకు ఆ ఇనుప గేటు, దాన్ని మోసే రెండు స్తంభాలు, వెనక రెండు గదులు మిగిలాయి.

కిందటేడు మా రోడ్డు అంచున కాంక్రీటు గోడ కట్టారు, చేపల లారీలు చెరువుల్లో పడకుండా. వాకిళ్ల దగ్గర ఖాళీ వదిలారు. మా ఎడమ స్తంభం రోడ్డు వైపు జానెడు ముందుకుంటుంది. గోడ అక్కడ జానెడు పక్కకు ఒదిగింది. మర్యాద తెలిసిన గోడే అనుకున్నాను. కాస్త అవతల, చెరువుల ఆసామి కాటా షెడ్డు ముందు మాత్రం అది రెండు గజాలు వంగి, దండం పెట్టి, మళ్లీ లేచి నడిచింది.

నాకు ఒళ్లు మండింది. సైటు ఇంజనీరును నిలదీశాను.

"ఏవండీ, గోడకు వంకర ఎంతవరకు చెల్లుతుంది?"

"మూడు మీటర్ల తిన్నటి బద్ద గోడకు ఆనిస్తే ఆరు మిల్లీమీటర్ల సందు దాకానండీ. మించితే కొట్టేసి మళ్లీ పోస్తాం."

"అయితే ఆ షెడ్డు దగ్గర ఆనించండి."

అతను బద్ద తెప్పించి మా స్తంభం దగ్గర ఆనించాడు. సందులో చెయ్యి దూరింది.

"మరి షెడ్డు?"

"అది వంకర కాదండీ, మలుపు. డ్రాయింగులో ఉంది. మీ స్తంభం దగ్గరిదే అందులో లేదండీ."

మిల్లీమీటర్లు పట్టుకునే బద్దకు గజాలు కనపడవన్నమాట.

అంతలో ఆసామి బండి ఆపాడు. "ఏవండీ, ఊరి గట్లన్నీ మీవాళ్లే తిన్నగా గీశారంటారు. మీ స్తంభమేంటండీ, రోడ్డు మీదకొచ్చేసింది?" పనివాళ్లు తలలు తిప్పుకుని నవ్వారు.

అతను వెళ్లాక ఇంజనీరు గొంతు తగ్గించాడు. "ఆయనొక్క మాటంటే మీది కూడా మలుపైపోద్దండీ. వెళ్లి అడగండి."

"మా ఇంట్లో అడగడం అలవాటు లేదు. తిన్నగానే పోయండి."

పోశారు. స్తంభం పోయింది. నేనే బద్ద ఆనించి చూశాను. ఆ ముక్కలో సందన్నది లేదు.

ఒక్క స్తంభానికి రెండు రెక్కల గేటు నిలవదు. దాన్ని తాడేపల్లిగూడెంలో పాత ఇనుము కొట్టుకు తూకానికి అమ్మాను.