ఎరుపు రాని ఫోటో

కడపలో నాగజ్యోతి ఇంట్లోనే ప్రింటరు పెట్టుకుని ఫోటోలు, శుభలేఖలు అచ్చేసి ఇస్తుంది. పని బాగుంటుంది కాబట్టి ఆ వీధివాళ్లు స్టూడియో మొహం చూడరు. ఆమె మొగుడు ఓబుళేశు బండల లారీ డ్రైవరు. బెంగుళూరులో లోడు దించి వస్తున్నానన్నవాడి ఫోను నిన్న సాయంత్రం నుంచి మూగబోయింది.

పొద్దున అత్త సుబ్బలక్ష్మమ్మ గుడికి పోతూ, కొడుకూ కోడలూ శ్రీశైలంలో దిగిన ఫోటో పెద్దది తీసి పెట్టమంది. ఫ్రేము కట్టిస్తుందట.

బయటికొచ్చిన కాగితాన్ని జ్యోతి వెలుతురుకు పట్టి చూసింది. తన నుదుట బొట్టు లేదు, పసుపు మరక ఉంది. ఓబుళేశు మొహంలో నెత్తురు చుక్క లేదు. పచ్చగా, పాడె మీది మనిషిలా ఉన్నాడు. ఆ కాగితాన్ని గబగబా బియ్యం డబ్బా కిందికి తోసింది.

అత్త వచ్చేలోగా బాగుచేయాలి. గీతల పరీక్ష కాగితం తీసింది. నలుపు, నీలం, పసుపు గీతలు నిండుగా వచ్చాయి, ఎరుపు గీత ఒక్కటీ లేదు. ఇంకు చిమ్మే హెడ్డును ప్రింటరు చేతనే కడిగించింది. మళ్లీ కడిగించినా అంతే. ఊరికే కడిగిస్తే ఇంకు దండగ. ప్రింటరు పక్కన పైపులతో తగిలించిన ఇంకు బుడ్లు చూసింది. ఎర్ర బుడ్డి నిండుగానే ఉంది, దాని పైపులో మాత్రం గాలి. బుడ్డికి గాలి పోయే రంధ్రం మూసుకుంటే ఇంకు దిగదు.

ఆ రంధ్రం మీద, గట్టిగా ఎండి, కుంకుమ బొట్టు.

అత్త పని. ఆమె గ్యాసు బండకు కూడా బొట్టు పెట్టే మనిషి. పెట్టిననాడే చెప్పింది: "తుడిచేవు మే. మొగోడు దావలో ఉండాడు."

తడిగుడ్డ తీసిన చేయి గాలిలోనే ఆగింది. తుడవకుంటే ఎరుపు రాదు. మొగుడు యాడున్నాడో తెలియని పూట, తన చేత్తో కుంకుమ తుడవడమా?

గుడ్డ పడేసి, తాళిబొట్టుకున్న పిన్నీసు తీసింది. బొట్టు చెదరకుండా నడిమధ్యలో సన్నగా పొడిచింది. బుడ్డి బుస్సుమని గాలి పీల్చింది. పైపులో ఎరుపు మెల్లగా పాకింది.

రెండో ఫోటో సగం దిగుతుండగా ఫోను మోగింది. ఎవరిదో కొత్త నంబరు. ఎత్తడానికి ధైర్యం చాలక, ఓబుళేశు మొహం పూర్తిగా బయటికొచ్చేదాకా చూసింది. నెత్తురుంది. అప్పుడు ఎత్తింది.

"నేనే. గువ్వలచెరువు ఘాటులో బ్రేకు పడలేదు. బండిని కొండకాన్చి నిలిపినా. ఫోను పగిలిపోయింది. అమ్మకు చెప్పద్దు."

చెప్పలేదు. అత్త ఫోటో చూసి మురిసింది గానీ, బొట్టుకు బొక్కేందని ఒకటే సణుగుడు.

మొదటి కాగితాన్ని చింపబోతే జ్యోతికి చేయి రాలేదు, మొగుడి బొమ్మాయె. ఇప్పటికీ అది బియ్యం డబ్బా కిందే ఉంది. బియ్యం తీసేటప్పుడు ఆమె ఎప్పుడూ చూపు అటు తిప్పదు.