కారుకు వేసిన పెద్ద డ్రమ్ములు

ఆ శుక్రవారం మా కారు వెనక భాగం మొదట జారింది నా చేతిలో. ఆ మాట బావకు చెప్పలేదు. చెప్పకపోవడంతో మా ఇంట్లో ఆయనకున్న కాస్త గౌరవమూ పోయింది. ఇంట్లో పిల్లలు ఆ సంగతి ఇంకో రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డెబ్బైలలో మాకు మద్రాసు జార్జి టౌనులో పప్పుల హోల్‌సేల్ అంగడి ఉండేది. అక్క భర్త ఇల్లరికం వచ్చినవాడు. అంగట్లో నాన్న మాట, ఇంట్లో అమ్మ మాట చెల్లేవి. బావ మాట చెల్లేది కారు దగ్గర మాత్రమే. నాన్నకు తోలడం రాదు, నేను బావ దగ్గర అప్పుడే నేర్చుకుంటున్నాను. ఎక్కడికి పోవాలన్నా అంతటి నాన్నా "అల్లుడూ, తీరికేనా?" అని అడగాల్సిందే. అప్పుడు బావ నిదానంగా లేచి తాళంచెవి తీసుకునే తీరు చూడాలి.

ఆ కారు మాకు సగం లారీ. డిక్కీలో ఎప్పుడూ కందిపప్పు బస్తాలే. ఆ బరువుకు బ్రేకులు చాలేవి కావు. వంతెన దిగేటప్పుడల్లా బావ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేవాడు. కొత్త బ్రేకులంటే నాన్న ఒప్పుకోలేదు. చదువు ముగించి ఊరికే ఉన్న నాకు ఒక ఉపాయం తోచింది. బరువంతా వెనకే కదా, వెనక చక్రాలకు మాత్రం పెద్ద బండి పాత బ్రేకు డ్రమ్ములు వేస్తే సరి. చక్రంతో పాటు తిరిగే ఆ ఇనప గిన్నె ఎంత పెద్దదైతే పట్టు అంత గట్టిది.

ఆదివారాలు ఇద్దరం పుదుపేట పాత ఇనుము అంగళ్లన్నీ తిరిగాం. బావ ఒక్కో డ్రమ్మును వేలికి తగిలించి, స్పానరుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకునేవాడు.

"ఇది పగిలుండాదిరా, గొంతు బొంగురు. ఇదో, ఇది ఇను. పాడతా ఉండాది!"

"ఇనుము కొంటారా సామీ, ఈడ కచేరీ పెడతారా?" అన్నాడు అంగడివాడు.

నల్లటి జిడ్డు చేతులతోనే వేయించిన వేరుశనక్కాయలు తింటూ బస్సులో ఇంటికి వచ్చేవాళ్లం. ఇప్పటికీ ఎక్కడైనా ఇనుము మీద ఇనుము మోగితే నాకు ఆ ఆదివారాలే గుర్తొస్తాయి.

లేత్ షెడ్డులో డ్రమ్ములు మా చక్రాలకు సరిపోయేట్టు చేయించి బిగించాం. ముందు చక్రాలవి తర్వాత చూద్దామన్నాను. బస్తాలతో వంతెన దిగి చూస్తే కారు చెప్పిన చోట ఆగింది. నాన్న అంగట్లో అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చుకోవడం అదే మొదలు.

శుక్రవారం మాత్రం బస్తాలన్నీ దించి, కారు కడిగి, పసుపు కుంకుమ పెట్టడం మా ఇంటి పద్ధతి. గుడికి వెళ్లిన ఆడవాళ్లను అందులోనే తీసుకురావాలి. ఆ శుక్రవారం కడిగించడానికి నేను తీసుకెళ్లాను. తిరిగి వస్తుంటే తుంపర. రాయపురంలో సైకిలు ఒకటి అడ్డం రాగానే బ్రేకు తొక్కాను. ముందు భాగం ఆగుతూనే ఉంది, వెనక భాగం పక్కకు ఈడ్చుకుపోయింది. బస్తాల బరువు లేని చక్రాలను ఆ పెద్ద డ్రమ్ములు ఒక్కసారిగా బిగబట్టేశాయి. సంగతి నాకు అక్కడే అర్థమైంది.

ఇంటికి వచ్చేసరికి నాన్న వాకిట్లో ఉన్నాడు. బావ తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

"ఎట్లుందిరా బామ్మర్దీ, మన బ్రేకు?"

నాన్న నావైపే చూస్తున్నాడు.

"బ్రహ్మాండంగా ఉండాది బావా."

అరగంటకు వాన పెద్దదైంది. గుడి ముందు మేక పిల్ల అడ్డం వస్తే బావ బ్రేకు తొక్కాడట. కారు గిర్రున తిరిగి పూల అంగడి పందిరిని కూల్చి గోడకు గుద్దుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మెట్ల మీద అమ్మ, అక్క, వీధి వీధంతా చూశారు. "బండి తోలడం రాదా?" అని పూలమ్మి అరవంలో దులిపేసిందట.

"మెల్లగానే పోతా ఉంటి మామా," అన్నాడు బావ ఇంటికొచ్చి.

"సెరి అల్లుడూ. రేపట్నించి డ్రైవరు వస్తాడు. మీకెందుకు శ్రమ."

బావ తాళంచెవి బల్ల మీద పెట్టాడు. కారు మరమ్మతుకు ఇచ్చినప్పుడు కారుకు మొదట ఉన్న చిన్న డ్రమ్ములే మళ్లీ వేయించాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

బావ మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఇంట్లో ఏది తలకిందులైనా "మామ బండి తిప్పినట్టు" అనడం మా పిల్లలకు అలవాటైంది. ఆయనా వాళ్లతో పాటు నవ్వేవాడు.

నాన్న పోయాక ఒక తద్దినం నాడు అందరం వరసగా భోజనాలకు కూర్చున్నాం. ఎవరో విస్తరి తిరగేసి వేసినందుకు మా అబ్బాయి మళ్లీ ఆ మాటే అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. లేచి బావ ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"బావా, ఆ పొద్దు మీకంటే ముందర బండి నా చేతిలో జారింది. మీరు అడిగితే బాగుండాదని అబద్ధం చెప్పినా, నాన్న ముందర పేరు పోతాదని. తప్పు మీ తోలకానిది కాదు, నాది. ఇన్నేండ్లూ అందరూ నవ్వతా ఉంటే నేనూ నవ్వినా. నన్ను మన్నించండి బావా."